గాజు బీరువాలోని దీపస్తంభము

ధ్యానమునకు: సంఖ్యాకాండము 8:1-4; మత్తయి 5:14-16; అపొ. కార్యములు 27:20 – 28:2





గడచిన క్రిస్మసు దినములలో టి. నగర్‌లో, పానగల్ పార్కుకు కొద్ది దూరములో, మన సంఘస్థుల యింట గృహకూడికకు వెళ్లాము. ఆ యింటి పెద్దలు నలభై యేండ్ల క్రితము నెల్లూరు జిల్లానుండి ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. కుమారుడు అమెరికాలో ఉన్నాడు. ఆ సంవత్సరము అతడు తలిదండ్రులకు పంపిన క్రిస్మసు బహుమానము హాలులోని గాజు బీరువాలో, మనుమల కప్పులకును పెండ్లి ఫొటోకును నడుమ, అందరికీ కనబడేటట్లు పెట్టారు.

అది జానెడు ఎత్తు ఉంటుంది. ఇత్తడి రంగు చట్రము. దానిలో మెట్లుమెట్లుగా వలయాలు, మధ్యన గుండ్రని కన్నువంటి లెన్సు, లోపల చిన్న బల్బు. పూర్వము లైట్‌హౌసులలో, అనగా దీపస్తంభములలో, వాడిన పెద్ద లెన్సుకు అది నమూనా. ఇటువంటి నమూనాలను కొని దాచుకొనేవారు విదేశములలో ఎందరో ఉన్నారట. అసలు లెన్సులు ఇప్పుడు అరుదైపోయినవి గనుక, ఫలానా దీపస్తంభపు లెన్సు అని కొలతలు తగ్గించి, చిన్నవిగా చేయించి అమ్ముతారు.

ఆ యింటి పాప స్విచ్చి వేసింది. పెద్దమ్మగారు హాలులో లైటు ఆర్పించారు. గోడమీద వెలుగు వలయాలు పడ్డాయి. అందరమూ “ఆహా” అన్నాము. తరువాత పాటలు పాడాము, వాక్యము చదివాము, ప్రార్థన చేశాము, టిఫిను తిన్నాము. కూడిక ఎంతో ఆశీర్వాదకరముగా జరిగిందని ఒకరితో ఒకరము చెప్పుకొంటూ చెప్పులు తొడుక్కొన్నాము.

ఎదురుగా ఒక పాత బంగళాను పడగొట్టి ఫ్లాట్లు కడుతున్నారు. ఆ స్థలములో రేకుల షెడ్డు, దాని ముందర మూడు రాళ్ల పొయ్యి. పొయ్యి దగ్గరనుండి ఒక స్త్రీ చంటిబిడ్డను చంకనెత్తుకొని గేటు దాకా వచ్చింది. “మీరు పాడినవి తెలుగు పాటలే గదా బాబూ? మాదీ శ్రీకాకుళమే. మా ఊళ్లో మేమూ గుడికి పోయేవాళ్లం. ఇక్కడ మమ్మల్ని రానిస్తారా?” అని అడిగింది.

మేమేమన్నామో దాచకుండా వ్రాస్తున్నాము. “తప్పకుండా, ఆదివారము రండమ్మా” అన్నాము. అడ్రసు చెప్పలేదు. ఏ బస్సు ఎక్కాలో చెప్పలేదు. ఆమె పేరు అడగలేదు. పొద్దుపోయింది, బండి సిద్ధముగా ఉన్నది, వచ్చివేశాము. మూడు వారములకు మనస్సు ఊరుకోక మరల వెళ్లి చూస్తే, ఆ షెడ్డులో వేరే భాష మాట్లాడేవారు ఉన్నారు. వెనుకటివారిని మేస్త్రీ మరొక పనిచోటికి తీసికొనిపోయాడన్నారు. ఎక్కడికో ఎవరికీ తెలియదు.

ఆ రాత్రి మేము చూచి సంతోషించిన లెన్సు ఎటు తిరిగి ఉన్నది? హాలువైపు. చీకటిలో ఉన్నవారు ఎటు ఉన్నారు? వీధివైపు. ఈ మాటే నేటివరకు మమ్మును వెంటాడుచున్నది. దానినే మీతో పంచుకొనగోరుచున్నాము.

మనలో భీమిలి, కాకినాడ, బందరు తీరములనుండి వచ్చినవారికి లైట్‌హౌసు కొత్త కాదు. మద్రాసుకు వచ్చినవారికి అంతకంటె కొత్త కాదు. ఈ పట్టణములో మొదటి దీపము 1796లో సెయింట్ జార్జి కోటలోని ఎక్స్ఛేంజి భవనము మీద వెలిగింది. అందులో పోసినది కొబ్బరినూనె. ఇప్పుడు ఆ భవనమే కోట మ్యూజియము. తరువాత 1844లో ఎత్తైన రాతి స్తంభము మీద దీపము పెట్టారు. హైకోర్టు ఆవరణలో ఆ స్తంభము నేటికీ నిలిచి ఉన్నది. 1894లో దీపము హైకోర్టు భవనపు గోపురము మీదికి ఎక్కింది. 1977 జనవరినుండి మెరీనా తీరములోని స్తంభము ఆ పని చేస్తూ ఉన్నది. స్థలము మూడుసార్లు మారింది. నూనె పోయి కరెంటు వచ్చింది. అయితే దీపపు ముఖము మాత్రము ఎప్పుడూ సముద్రమువైపే. పట్టణమునకు అలంకారముగా ఉండుటకు ఎవరూ దానిని పెట్టలేదు.

ఇక లెన్సు సంగతి. ఒక దీపము వెలిగిస్తే వెలుగు అన్ని దిక్కులకు పోతుంది. పైన ఆకాశములోనికి కొంత, క్రింద నేలమీదికి కొంత, వెనుక ఊరిమీదికి కొంత. సముద్రము మీదికి పోయేది కొద్దిపాటి. పెద్ద లెన్సు పెట్టి వెలుగును ఒకచోటికి కూర్చుదామంటే, అంత పెద్ద గాజు దిమ్మ మోయలేని బరువు అవుతుంది, ఆ మందములోనే వెలుగు తగ్గిపోతుంది. ఫ్రాన్సు దేశములో రోడ్లు వంతెనల ఇంజనీరుగా పనిచేసిన ఆగస్టిన్ ఫ్రెనెల్ అనునతడు దీనికి ఉపాయము కనిపెట్టాడు. లెన్సు వంపును మాత్రము ఉంచి, లోపలి దండగ గాజును తీసివేసి, వలయాలు వలయాలుగా పేర్చాడు. ప్రతి వలయపు కోణము వేరు. కాని అన్నీ తమమీద పడిన వెలుగును ఒకే వైపునకు మళ్లిస్తాయి. 1823 జూలైలో ఫ్రాన్సు పడమటి తీరములోని కోర్డువాన్ దీపస్తంభములో మొదటి లెన్సు వెలిగింది. ఫ్రెనెల్ ఆరోగ్యవంతుడు కాడు. 1827లో క్షయరోగముతో, 39 యేండ్లకే మరణించాడు. కాని అతని పద్ధతి లోకమంతటా వ్యాపించింది. ఇంగ్లండులో బర్మింగ్‌హాము దగ్గరి చాన్స్ బ్రదర్స్ గాజు కర్మాగారమువారు దేశదేశములకు ఇటువంటి లెన్సులు చేసి పంపారు.

ప్రియులారా, దీనిలో మనకు మూడు పాఠములు కనబడుచున్నవి.

మొదటిది, లెన్సుకు సొంత వెలుగు లేదు. ఎంత ఖరీదైన గాజైనా, లోపల దీపము లేకపోతే అది చల్లని గాజే. బాప్తిస్మమిచ్చు యోహానును గూర్చి సువార్తికుడు ఈ సంగతి స్పష్టముగా వ్రాశాడు. అతడు ఆ వెలుగు కాడు, వెలుగును గూర్చి సాక్ష్యము చెప్పుటకు పంపబడినవాడు (యోహాను 1:6-8). మన సంఘములకు మంచి భవనములు ఉన్నవి, గాయక బృందములు ఉన్నవి, వందేండ్ల చరిత్ర ఉన్నది. వందనీయమే. కాని ఇవన్నీ వలయాలు. వెలుగు ప్రభువే. వలయాలను తుడుచుకొంటూ వెలుగును మరచిపోతే మనము నమూనాలమే గాని దీపస్తంభములము కాము.

రెండవది, వెలుగు ఎటు పడవలెనో ముందే నిర్ణయింపబడి ఉన్నది. సంఖ్యాకాండము 8వ అధ్యాయములో దేవుడు మోషేద్వారా అహరోనుకు ఇచ్చిన ఆజ్ఞ గమనించండి. ఏడు దీపములు వెలిగిస్తే చాలునని చెప్పలేదు. అవి దీపవృక్షమునకు ముందువైపున వెలుగునిచ్చునట్లు అమర్చుమన్నాడు. దీపము ఉండుట ఒక ఆజ్ఞ, దాని ముఖము ఎటు ఉండుట మరొక ఆజ్ఞ. మొదటి ఆజ్ఞను మనము నెరవేర్చితిమి. రెండవ దాని విషయము మనలను మనము పరీక్షించుకొనవలెను. దీపము క్రింద చీకటి అని మనవారు సామెత చెప్పుకొంటారు. లైట్‌హౌసు కావలివాని సంగతీ అంతే. లెన్సునుండి పోయే వెలుగు అతని తలమీదుగా దాటిపోయి, అతడెన్నడూ చూడని ఓడకు చేరుతుంది. “ఈ వెలుగుచేత నాకేమి లాభము?” అని అతడు అడుగడు. తెల్లవారిన తరువాత లెన్సును తుడుస్తాడు. అంగీ గుండీలు గాజును గీయకుండా పైన గుడ్డ కట్టుకొని మరీ తుడుస్తాడు. పగటి ఎండ లోపలికి పడి హాని చేయకుండా తెరలు దించుతాడు. సాయంకాలము మరల వెలిగిస్తాడు. ఈ పరిచర్యంతా ఎదుట కనబడనివారి కొరకు.

మూడవది, ముక్కలు కలిసి ఉంటేనే లెన్సు. దీనికి విచారకరమైన నిదర్శనము ఒకటి ఉన్నది. అమెరికా తూర్పు తీరమున కేప్ హాటెరస్ అనుచోట ప్రసిద్ధికెక్కిన దీపస్తంభము ఉన్నది. దానిలోని పెద్ద లెన్సులో వెయ్యికి పైగా గాజు పట్టకములు ఉండేవి. సముద్రము ఒడ్డును కోసికొంటూ దగ్గరకు రాగా 1936లో ఆ స్తంభమును విడిచిపెట్టి, దీపమును వేరొక చోట పెట్టారు. కావలి లేని ఆ సంవత్సరములలో వచ్చిపోయేవారు జ్ఞాపకార్థము గాజుముక్కలను ఊడదీసికొని పోయారు. ఆ లెన్సును పగులగొట్టవలెనని వారు వచ్చినవారు కారు. దానిని మెచ్చుకొన్నవారే. ఇంటిలో పెట్టుకొనుటకు ఒక ముక్క ఉంటే బాగుండునని తలంచినవారే. 1950లో దీపమును తిరిగి ఆ స్తంభము మీదికి తెచ్చేసరికి అక్కడ పెట్టినది కొత్త రకపు దీపము. మిగిలిన పాత లెన్సు చట్రము, సగము ఖాళీగా, ఒక మ్యూజియములో ఉన్నది.

మనము సంఘమును ద్వేషించుచున్నామా? లేదు. ప్రేమించుచున్నాము. కాని ఒకరు క్రిస్మసు గీతములు మాత్రము ఇంటికి తీసికొని పోతారు. ఒకరు పిల్లల పెండ్లికి సర్టిఫికెట్టు తీసికొని పోతారు. ఒకరు తాతగారి పేరు చెక్కిన శిలాఫలకము చాలునంటారు. ఒక్కొక్కరు ఒక్క ముక్కే. ముక్క మన బీరువాలో అందముగానే ఉంటుంది. కాని ఓడకు దారి చూపే వెలుగు ఎక్కడనుండి వస్తుంది?

ఇక్కడ మన సంఘముల పుట్టుకను ఒకసారి జ్ఞాపకము చేసికొనుట మంచిది. 1835లో బయలుదేరి వచ్చిన సామ్యూల్ డే దొరగారు 1840లో నెల్లూరు చేరకముందు ఈ మద్రాసులోనే కొన్ని యేండ్లు తెలుగువారి మధ్య పనిచేశారు. ఫలము చాల కొద్ది. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణములో జరిగిన మిషను మహాసభలో, ఒక్క నెల్లూరు స్టేషను కొరకు ఇంత ఖర్చేల, మూసివేద్దామన్న ఆలోచన వచ్చింది. పటములో ఒంటరిగా నున్న ఆ స్టేషనుకు ఒంటరి నక్షత్రము అను పేరు ఆనాటిదే. మూసివేయలేదు. దేవునికి స్తోత్రము. ఆ చిన్న వెలుగును ఉంచినందుననే ఈనాడు మనము ఉన్నాము.

తరువాత 1876నుండి 1878 వరకు మహా కరవు వచ్చింది. ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ దొరగారు ఏమి చేశారో మన పెద్దలు చెప్పగా విన్నాము. ప్రభుత్వము త్రవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా పనిని కంట్రాక్టుకు తీసికొన్నారు. ఆకలితో వచ్చిన వేలమందికి కూలి దొరికింది. పగలు మట్టి మోసినవారికి విశ్రాంతి వేళలో బోధకులు వాక్యము చెప్పారు. కూడు కొరకే చేరుతున్నారన్న నింద రాకూడదని, సహాయము సాగినంతకాలము ఆయన ఎవరికిని బాప్తిస్మమీయలేదు. కరవు సహాయము ముగిసిన తరువాత, 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మము జరిగింది.

మీరు ఒక సంగతి గమనించారా? ఆ బకింగ్‌హామ్ కాలువయే చెన్నైలో మైలాపూరు ప్రక్కగా, మెరీనా లైట్‌హౌసుకు ఎంతో దూరము కాకుండా పోవుచున్నది. మన సంఘములు గొప్ప భవనములలో పుట్టలేదు. కూలిజనుల పనిచోట, పార గంప మధ్య విస్తరించినవి. మట్టి మోసిన ఆ చేతుల మునిమనుమలము మనము. ఈ దినమున మనము పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరుతోను, పానగల్ రాజాగారి పేరుతోను ఉన్న పేటలో, తెలుగు పేర్లుగల వీధులలో, స్థిరమైన ఇండ్లలో కాపురమున్నాము. దేవుడు చేసిన మేలుకు స్తోత్రము. కాని ఇప్పుడు మట్టి మోసేవారు గేటు అవతల ఉన్నారు.

2014 జూన్ 28వ తేదీ, శనివారము సాయంకాలము, పోరూరు దగ్గర మౌలివాకములో కట్టుబడిలో ఉన్న 11 అంతస్తుల భవనము కూలిపోయింది. 61 మంది చనిపోయారు. వారిలో అనేకులు విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములనుండి కూలికి వచ్చిన మన తెలుగువారు. మరునాడు ఆదివారము. మనము ఆరాధనకు కూడుకొన్నాము, వారి కొరకు ప్రార్థించాము, కన్నీరు విడిచాము. అది మంచిదే. కాని ఆ శనివారమునకు ముందు వారిలో ఒక్కరి పేరైనా మనకు తెలిసియుండెనా? టి. నగర్‌నుండి అది బస్సులో పోగల దూరము. వారు బ్రతికియుండగా మన గుడి గుమ్మము వారికి కనబడి ఉంటే, ఒక్క కుటుంబమైనా “మాకు ఈ పట్టణములో ఒక చోటున్నది” అనుకొనియుండేది కాదా? ఈ ప్రశ్నకు మేము జవాబు చెప్పలేక తలవంచుచున్నాము.

పౌలు ప్రయాణము చేసిన ఓడను తలంచుకొనండి. దానిలో 276 మంది. అనేక దినములు సూర్యుడుగాని నక్షత్రములుగాని కనబడక, బ్రదుకుదుమన్న ఆశ కూడ విడిచిపెట్టారు. చివరకు ఓడ బద్దలై, తడిసి వణకుచు ఒక దీవిలో ఒడ్డెక్కారు. ఆ దీవివారు ప్రభువును ఎరిగినవారు కారు. అయినను వర్షమును చలియు చూచి, నిప్పు రాజవేసి, వచ్చినవారినందరిని చేర్చుకొన్నారు. ఎవరు, ఏ ఊరు, ఏ కులము, ఎందుకు వచ్చారు అని విచారించిన తరువాత కాదు. ముందు నిప్పు, తరువాత మాటలు. ప్రభువును ఎరుగనివారు అంత చేసియుండగా, ఎరిగిన మనమెంత చేయవలెను!

కొందరు అడుగవచ్చును: “మాది చిన్న సంఘము. ముప్పది కుటుంబములు కూడ లేవు. మేమేమి చేయగలము?” ఫ్రెనెల్ లెన్సులలో తరగతులున్నవి. మొదటి తరగతి లెన్సు మనిషికంటె ఎత్తు. టన్నుల బరువు. పెద్ద లెన్సులను పాదరసము మీద తేల్చి పెట్టేవారు గనుక అంత బరువునూ వ్రేలితో నెట్టి త్రిప్పవచ్చును. ఆరవ తరగతి లెన్సును ఒకరు చేతులతో ఎత్తుకొనవచ్చును. అది చిన్న రేవులకు. మహాసముద్రములో ఓడకు దారి చూపునది పెద్ద లెన్సే కావచ్చును. కాని రాత్రివేళ రేవుకు తిరిగి వచ్చు చిన్న పడవవానికి ఆ చిన్న దీపమే ప్రాణము. చిన్నదగుట తప్పు కాదు. వెలుగకపోవుట తప్పు. అటు తిరుగకపోవుట తప్పు.

కాబట్టి ఈ సంవత్సరము మన సంఘములన్నియు ఈ కొద్దిపాటి పనులైనను చేయవలెనని మనవి చేయుచున్నాము. గుడి గేటుకు వెలుపల, వీధిలో పోవువారికి కనబడునట్లు, ఆరాధన వేళలను పెద్ద తెలుగు అక్షరములతో వ్రాయించండి. ప్రతి సంఘము తనకు దగ్గరనున్న పనిచోట్లను, రేకుల షెడ్లను తెలిసికొని, నెలకొకసారియైనను వెళ్లి రండి. వెళ్లినప్పుడు పేర్లు అడగండి, మన ఫోను నంబరు ఇవ్వండి. ఆదివారము వారికి సెలవు ఉండదు గనుక, సాయంకాలము ఒక గంట వారి దగ్గరనే కూడిక పెట్టండి. చివరి బల్లమీద కొత్తవారు కూర్చుంటే, ఆరాధన ముగియగానే మనవారితో మాట్లాడకముందు వారితో మాట్లాడండి. వారి చెప్పులను, చీరను చూచి పలుకరింపు తగ్గించవద్దు. వారిలో ఒకరు ఆసుపత్రిలో పడితే తమిళములో మాట్లాడుటకు తోడు పోండి. కూలి ఎగవేయబడితే తెలిసిన లాయరుగారిని అడిగి పెట్టండి. స్వస్థలమునకు తిరిగి పోవువారికి అక్కడి సంఘమునకు ఒక ఉత్తరము వ్రాసి ఇవ్వండి. ఇది గొప్ప కార్యక్రమము కాదు. లెన్సును వీధివైపు త్రిప్పుట మాత్రమే.

మేము ఆ యింటికి మొన్న మరల వెళ్లాము. పెద్దమ్మగారితో ఈ సంగతంతయు చెప్పాము. ఆమె చాలసేపు మాట్లాడలేదు. తరువాత లేచి బీరువా తెరచి, ఆ లెన్సు నమూనాను తీసి, వీధి కిటికీ గట్టుమీద పెట్టారు. “దీని వెలుగు ఎంతో దూరము పోదు బాబూ, నాకు తెలుసు. దీనిని చూచినప్పుడల్లా గేటు తీసి బయటికి చూడవలెనని నాకు గుర్తుండాలి” అన్నారు. ఇప్పుడు ఆ షెడ్డులో ఉన్నవారు తెలుగువారు కారు, ఒరిస్సావారు. అయినను ఆమె సాయంకాలము వారి పిల్లలకు పాలు పంపిస్తున్నారట. భాష రాదు. పేర్లు మాత్రము తెలిసికొన్నారు.

శ్రీకాకుళమునుండి వచ్చిన ఆ తల్లి, ఆ చంటిబిడ్డ ఇప్పుడు ఈ మహానగరములో ఏ షెడ్డులో ఉన్నారో ప్రభువుకు తెలుసు. ఇది చదువుచున్న మీలో ఎవరి గేటు ముందరనైనా ఉన్నారేమో. చంటిబిడ్డతో ఒక స్త్రీ వచ్చి, రానిస్తారా అని అడిగితే, దయచేసి మావలె బదులు చెప్పవద్దు. చేయి పట్టుకొని లోపలికి తీసికొని రండి.

ఎఫెసు సంఘమునకు ప్రభువు చేసిన హెచ్చరిక (ప్రకటన 2:5) మనకును వర్తించును. మొదటి ప్రేమను విడిచిన సంఘపు దీపస్తంభము దాని చోటనుండి తీసివేయబడవచ్చును. అట్లు జరుగక మునుపే మేల్కొందము. కరవు కాలమున మన పితరులకు వెలుగు చూపిన దేవుడు, నేడు మనలోని గాజును తుడిచి, తన దీపమును వెలిగించి, మన ముఖమును వీధివైపు త్రిప్పునుగాక. ఆయన కృప మీకందరికి తోడైయుండునుగాక. ఆమెన్.